జెన్‌కి ఇంట్లోనే ఫైబర్ వెడల్పు ఫెండర్లు: థర్మోకోల్ కరిగిపోయింది, ఎడమా కుడీ కలవట్లేదు

పటమట_జెన్
మా నాన్న 1999లో కొన్న మారుతి జెన్ కారు ఇది. ఆయన పదిహేనేళ్లు నడిపారు, తర్వాత షెడ్డులో దుమ్ము పట్టింది. రెండేళ్ల నించి ఖాళీ దొరికితే నేను దాని కిందే ఉంటున్నా. ఇంజను, గేర్‌బాక్సు పని అయిపోయింది. ఇక బాడీ. కంపెనీ టైర్లు 145/70 ఆర్13 తీసేసి, 7 అంగుళాల రిమ్ముల మీద 175/60 ఆర్13 ఎక్కించా. ముందు చక్రాలు బాడీ దాటి 38 ఎంఎం, వెనకవి 30 ఎంఎం బయటికొచ్చాయి. వానొస్తే బురద అద్దాల దాకా కొడుతోంది. అందుకే చక్రాల్ని కప్పే వెడల్పు ఫెండర్లు కావాల్సొచ్చింది.

ముందు ఒక షాపులో ఇచ్చా. అడ్వాన్సు తీసుకుని రెండు నెలలు తిప్పారు. ఆఖరికి చేతిలో పెట్టిన ముక్కకి బోల్టు బెజ్జాలు కూడా కలవలేదు. ఇక నేనే చేసుకుందామని డాబా మీద మొదలెట్టా. ఎడమ ఫెండర్ మీద థర్మోకోల్ అంటించి, హాక్సా బ్లేడుతో చెక్కి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పైన గ్లాస్ ఫైబర్ పోగుల మ్యాట్ పరిచి పాలిస్టర్ రెజిన్ కొట్టా. పది నిమిషాల్లో థర్మోకోల్ బొరియలు పడి లోపలికి కుంగిపోయింది. మూడు ఆదివారాల పని పోయింది.

రెండోసారి థర్మోకోల్ మీద గోడలకి పెట్టే లప్పం దట్టంగా పూసి, ఆరాక వేశా. ముక్క వచ్చింది. కానీ మూడు రోజులైనా పైన బంకగానే ఉంది, వేలు పెడితే అంటుకుంటోంది. కుడివైపుది కూడా అట్టాగే చేసి రెండూ పక్కన పెడితే చక్రం మీది ఆర్చ్ పైభాగంలో 14 ఎంఎం తేడా. వెనక వైపు బాడీ రేకు కొయ్యాలా అన్నది ఇంకో అనుమానం. ఫైబర్ పని తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

బ్రాడీపేట_బుల్లోడు
థర్మోకోల్ కరిగేటప్పుడు ఫొటో తీశావా అన్నా? వినాయక చవితి మండపానికి నేనూ ఒకసారి థర్మోకోల్ మీద స్ప్రే పెయింటు కొట్టా. ఏనుగు తొండం ఊడి కింద పడింది.

నిజాంపట్నం_నావ
రెజిన్లో స్టైరీన్ ఉంటది, థర్మోకోల్ అంటే పాలిస్టైరీన్. రెండూ ఒకే జాతి, ఒకదాన్నొకటి తినేస్తయి. థర్మోకోలే కావాలంటే దానిమీద బ్రౌన్ ప్యాకింగ్ టేపు సందు లేకుండా చుట్టు. టేపుకి రెజిన్ అంటదు, కిందికి దిగదు, ముక్క కూడా తేలిగ్గా ఊడొచ్చిద్ది. లేదా పీయూ (పాలీయూరిథేన్) ఫోము తెచ్చుకో, దాన్ని పాలిస్టర్ రెజిన్ ఏమీ చెయ్యదు. పాలిస్టర్ బదులు ఎపాక్సీ రెజిన్ వాడితే థర్మోకోల్ కరగదు గానీ ఖర్చు ఎక్కువ. పైగా పాలిస్టర్‌కి వాడే చాప్డ్ మ్యాట్‌లో పోగుల్ని పట్టుకునే జిగురు స్టైరీన్లోనే కరగాలి. ఎపాక్సీలో అది సరిగ్గా కరగదు, మ్యాట్ బిరుసుగా ఉండిపోయి వంపుల్లో కూర్చోదు.

నేను ఫైబర్ బోట్లు బాగు చేస్తా. సునామీ తర్వాత మా తీరంలో ఫైబర్ బోట్లు బాగా పెరిగినయి, అప్పటి నించి ఇదే పని.

బంక గురించి: అది చెడిపోయినట్టు కాదు. మామూలు పాలిస్టర్‌కి గాలి తగిలే పైపొర పూర్తిగా గట్టిపడదు. గోరుతో గట్టిగా నొక్కి చూడు. గోరు దిగకపోతే లోపల బాగానే ఉన్నట్టు, అసిటోన్ తడిపిన గుడ్డతో తుడిస్తే బంక పోద్ది. గోరు దిగితే మాత్రం రెజిన్‌ని గట్టిపరిచే హార్డనర్ తక్కువ పడింది. ఎంత కలిపావు?

పటమట_జెన్
గోరు కొంచెం దిగుతోంది. హార్డనర్ సీసా మూతతో పోశా, డబ్బాకి ఒక మూత అని. షాపులో రెండు సీసాలు ఇచ్చారు. ఒకటి నీళ్లలా ఉంది, ఇంకోటి ఊదా రంగు. మొదటిసారి రెండూ చిన్న గ్లాసులో ముందే కలుపుకుని పోద్దామనుకున్నా, ఎందుకో ఆగా.

కెమిస్ట్రీ_మేడం_గుంటూరు
ఆగడమే మీరు చేసిన మంచి పని. ఆ రెండింటినీ నేరుగా ఎప్పుడూ కలపకండి. ఈ దారం చదివేవాళ్లందరికీ చెబుతున్నాను.

నీళ్లలా ఉన్నది ఎంఈకేపీ, అంటే మిథైల్ ఈథైల్ కీటోన్ పెరాక్సైడ్. ఊదా రంగుది కోబాల్ట్ యాక్సిలరేటర్. ఆ పెరాక్సైడ్‌ని విడగొట్టడమే కోబాల్ట్ పని. రెజిన్లో పలచగా ఉన్నప్పుడు ఆ పని నెమ్మదిగా, మనకి కావాల్సినట్టు జరుగుతుంది. గ్లాసులో రెండూ ముఖాముఖి కలిస్తే ఒక్కసారిగా జరుగుతుంది, మంట రావచ్చు, పేలవచ్చు. వరస ఇదే: ముందు కోబాల్ట్ రెజిన్లో వేసి బాగా కలపాలి, అది పూర్తిగా కలిశాకే హార్డనర్. కొన్ని రెజిన్లలో కోబాల్ట్ ముందే కలిపి అమ్ముతారు, అప్పుడు మళ్లీ వెయ్యక్కర్లేదు. కొనేటప్పుడు అడగండి.

మూత లెక్క వద్దు. చిన్న డిజిటల్ త్రాసు మీద రెజిన్ తూచండి. హార్డనర్‌కి సూది తీసేసిన సిరంజి. 100 గ్రాముల రెజిన్‌కి 1 నించి 2 గ్రాములు. మన ఎండల్లో 1 చాలు. అంతకన్నా బాగా తగ్గిస్తే ఎన్నాళ్లున్నా పూర్తిగా గట్టిపడదు, మీ ముక్కకి జరిగింది అదే.

కళ్లకి అద్దాలు లేకుండా ఆ సీసా మూత కూడా తియ్యకండి. చుక్క కంట్లో పడితే చూపు పోతుంది, అతిశయోక్తి కాదు. పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, అటే కంటి ఆస్పత్రికి వెళ్లాలి. పని చేసేచోట నీళ్ల బిందె పెట్టుకునే మొదలుపెట్టండి.

పటమట_జెన్
మేడం, ఇది చదివాక చెయ్యి వణికింది. ఆ సీసా ఇన్నాళ్లూ వంటింటి అలమారలో ఉంది. ఇప్పుడే తీసి మేడ మీద నీడలో పెట్టా.

కెమిస్ట్రీ_మేడం_గుంటూరు
ఎండ తగలకుండా, కోబాల్ట్ సీసాకి దూరంగా, పిల్లలకి అందకుండా పెట్టండి. నీళ్ల సీసాల్లో పోసి మాత్రం పెట్టకండి.

ఆటోనగర్_టింకర్
తమ్ముడూ, నేను చెప్పేది వేరే. ఫైబర్ ఎందుకు? జవహర్ ఆటోనగర్లో టింకరింగు పని నాది, ఇరవై ఆరేళ్లయింది. 22 గేజి రేకు తెచ్చి, ఇసక సంచి మీద సుత్తితో కొట్టి ఆర్చ్ తీస్తా. గుద్దుకుంటే వంగుద్ది, మళ్లీ కొట్టి సరిచేస్తా. ఫైబర్ గుద్దుకుంటే పగిలిద్ది. నా దగ్గరికి వచ్చే ఫైబర్ బంపర్లన్నీ ముక్కలుగానే వస్తయి.

నిజాంపట్నం_నావ
టింకర్ అన్నా, రేకు పని మీ చేతిలో అందం, కాదన్ను. కానీ ఫైబర్ పగిలిద్ది అనేది మ్యాట్ తక్కువేసి లప్పం ఎక్కువ పూసినప్పుడు. మా బోట్లు రోజూ ఇసక మీద ఈడుస్తారు, అలల మీద బాదుకుంటయి. పగిలినా రెండు అంగుళాలు చుట్టూ గీకి మూడు పొరలు వేస్తే మళ్లీ సముద్రంలోకే. ఉప్పు గాలికి రేకు ఎన్నాళ్లుంటదో మీకే తెలుసు.

అయినా ఫైబర్ కారు కొత్తదేం కాదు. అమెరికాలో కార్వెట్ 1953 నించే ఫైబర్ బాడీ. మన బెంగుళూరులో సిపానీ వాళ్లు 1982లో డాల్ఫిన్ అని ఫైబర్ బాడీ కారు తెచ్చారు.

ఆటోనగర్_టింకర్
డాల్ఫిన్ ఒకటి నేను పని నేర్చుకునే రోజుల్లో మా గురువు గారి షెడ్డుకి వచ్చింది. తలుపు మీద వేలితో కొడితే టప్ టప్ మని ప్లాస్టిక్ బకెట్ మోత. కానీ తుప్పు మాత్రం లేదు, ఒప్పుకుంటా.

ర్యాలీ_రాజా
ఫెండర్ మాట తర్వాత. రిమ్ము దగ్గరే తేడా ఉంది. 175/60 ఆర్13 టైరుకి సరిపడే రిమ్ము 5 నించి 6 అంగుళాలు. 7 మీద టైరు అంచులు బయటికి సాగి ఉంటాయి, గాలి కొంచెం తగ్గినా మలుపులో బీడు (రిమ్ముని పట్టుకునే టైరు అంచు) జారే ప్రమాదం ఉంది. చూపుకి కొందరు అట్టా వేస్తారు గానీ నడిపే బండికి వద్దు. పైగా చక్రం బయటికి జరిగేకొద్దీ బేరింగు మీద బరువు పెరుగుద్ది, స్టీరింగు లాగుద్ది.

6 అంగుళాల రిమ్ము అదే ఆఫ్‌సెట్‌లో (రిమ్ము మధ్య గీత నించి హబ్బుకి ఆనే చోటు దాకా దూరం) వేస్తే ఒక్కో పక్క సుమారు 13 ఎంఎం లోపలికి వస్తుంది. నీ 38 కాస్తా 25 అవుద్ది, 30 కాస్తా 17. చక్రాన్ని ఇంకొంచెం లోపలికి తెచ్చే ఆఫ్‌సెట్ దొరికితే వెనక పనే ఉండకపోవచ్చు. చక్రం ఖాయం చేసుకోకుండా ఫెండర్ చెయ్యడమంటే కాలు కొలవకుండా చెప్పు కుట్టడమే.

పటమట_జెన్
రాజా అన్నా, ఈ మాట రిమ్ములు అమ్మినాయన చెప్పలా. రెండు ముక్కలూ చేసేశాగా...

ర్యాలీ_రాజా
ఆ ముక్కల్ని ఎట్టాగూ వాడవు, 14 ఎంఎం తేడాతో. అవి నేర్చుకోడానికి పనికొచ్చినయి అనుకో.

తెనాలి_శిల్పి
తేడా సంగతి నేను చెప్తా బాబూ. మేం విగ్రహాలకి ముందు బంకమట్టితో చేసి, మోల్డు తీసి, అందులో ఫైబర్ పోత పోస్తాం. ముఖంలో ఎడమ చెంప కుడి చెంప కలవకపోతే ఊళ్లోవాళ్లు సెంటర్లో నిలబడి మరీ చెప్తారు, అందుకని కంటిని నమ్మం.

నువ్వు ఎడమవైపు పూర్తిగా చెయ్, నచ్చేదాకా. తర్వాత అట్టముక్కలు తీసుకుని, చక్రం మధ్య నించి గడియారం ముల్లులాగా ఏడు చోట్ల గీత పెట్టుకుని, ప్రతి గీత దగ్గర ఆ వంపుకి అచ్చు సరిపోయేట్టు అట్ట కత్తిరించు. ఒక్కో దానికి నంబరు వెయ్యి. అట్ట తిరగేస్తే అదే కుడివైపు వంపు. కుడివైపు మట్టి పెట్టి ఆ అట్టలు ఆనేదాకా గీకుతూ పో. వెలుతురు సందులోంచి కనపడకూడదు. అంతే.

కొలతకి ఆనవాలు మాత్రం బాడీ అంచు పెట్టుకోకు. పాతికేళ్ల బండి, ఎక్కడో ఒకచోట గుద్దుకుని సరిచేసే ఉంటారు. చదునైన నేల మీద నిలబెట్టి, చక్రం మధ్య నించే కొలువు.

ఆటోనగర్_టింకర్
శిల్పి గారి మాట నిజం. ఆ కాలం బండ్లలో రెండు ఫెండర్లూ ఒకేలా ఉన్న బండి నేను చూళ్లా. ముందే కొలిచి ఉంటే తమ్ముడి 14లో సగం పాత దెబ్బదే అయ్యుండేది.

కొండపల్లి_మనవడు
మట్టికి బదులు చెక్క పనికిరాదా? మా తాత బొమ్మలు చేసేవాడు. తెల్లపొణికి చెక్క కత్తితో వెన్నలా తెగుద్ది, రెజిన్‌కి కరగదు కూడా.

తెనాలి_శిల్పి
పనికొస్తది. కానీ అంత పెద్ద వంపుకి చెక్క దొరకాలి, ముక్కలు అతకాలి. ఎక్కువైతే తీస్తావు, తక్కువైతే? మట్టి అయితే ముద్ద తీసుకుని అద్దొచ్చు.

కొండపల్లి_మనవడు
తక్కువైతే మక్కు పెట్టేవాడు మా తాత. చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపి. ఫెండర్ మీద అది నిలవదనుకోండి, గుర్తొచ్చి చెప్పా.

సెక్షన్_52
ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ. నాలుగు ఫెండర్లంటే లెక్క వేసుకోండి. ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి ఈ మార్పు చెప్పలేదని క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. 1999 బండి కాబట్టి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కూడా ఉంటుంది, అక్కడ ఇన్‌స్పెక్టర్ చూస్తారు.

బ్రాడీపేట_బుల్లోడు
బెంజి సర్కిల్ దాటకముందే ఆపుతారు.

ర్యాలీ_రాజా
లాయరు గారూ, రోడ్డు మీద తిరిగే బండికి మీరన్నది నిజమే. నేను చేసినవన్నీ ప్రైవేటు స్థలంలో జరిగే ఆటోక్రాస్ కారు పోటీలకి, బండిని లారీ మీద తీసుకెళ్తాం. అక్కడి రూల్సు వేరు. పటమట తమ్ముడు ఎందుకు చేస్తున్నాడో చెప్పలేదు.

పటమట_జెన్
రెండూ అనుకున్నా నిజానికి. ఆదివారం పొద్దున మంగళగిరి దాకా, ఎప్పుడైనా ఆటోక్రాస్‌కి. లాయరు గారు చెప్పాక ఆలోచిస్తున్నా. కంపెనీ ఫెండర్లు, కంపెనీ చక్రాలు అట్టాగే ఉంచి, పోటీకి వెళ్లేటప్పుడు మాత్రమే ఫైబర్‌వి బిగించుకునేట్టు చేస్తే?

సెక్షన్_52
రోడ్డు మీదికి వచ్చేటప్పుడు బండి కంపెనీ రూపంలో ఉంటే చట్టానికి ఇబ్బంది లేదు. అందుకు ముందు ఫెండర్ల వరకు కుదురుతుంది. వెనక రేకు కోస్తే మళ్లీ వెనక్కి రాదు.

ఆటోనగర్_టింకర్
వెనక రేకు మాట నాకొదిలెయ్యండి. ముందు ఫెండర్ బోల్టులతో ఉంటది, తీస్తే వస్తది, బండికి బలం ఇవ్వదు. వెనకది అట్టా కాదు. బయటి రేకు, లోపలి చక్రం గూడు రెండూ ఆర్చ్ అంచు దగ్గర కలిపి స్పాట్ వెల్డింగు చేసి ఉంటయి. అది కోస్తే రెండు రేకులూ విడిపోతయి. పైన ఫైబర్ ముక్క బిగించి కప్పేసిన బండ్లు నా దగ్గరికి వచ్చినయి. లోపల చెయ్యి పెడితే మట్టి, తుప్పు, డిక్కీలోకి నీళ్లు. కొయ్యాలంటే కోసిన అంచులు మళ్లీ కలిపి చుట్టూ వెల్డింగు పెట్టి, ప్రైమరు, సీలెంటు కొట్టి ఆ తర్వాతే ఫైబర్. తెలియనోడు గ్రైండర్ ముట్టుకోకూడదు.

వెనక 17 ఎంఎం అంటున్నారుగా, ఆ మాత్రం దానికి ఎందుకు కోత? వదిలెయ్.

పటమట_జెన్
సరే, నిర్ణయం అయిపోయింది. వెనక వదిలేస్తున్నా. 6 అంగుళాల రిమ్ములు వెతుకుతా. ముందు రెండే ఫైబర్, బోల్టులతో. ఇప్పుడు మట్టి నించి ముక్క దాకా వరసగా ఎవరైనా చెప్పండి.

ర్యాలీ_రాజా
మట్టి పెట్టేముందు ఒక పని. ముందు స్ట్రట్ లోంచి స్ప్రింగు తీసేసి స్ట్రట్ మళ్లీ బిగించి, జాకీతో చక్రాన్ని బంప్ రబ్బరు (చక్రం ఇక పైకి పోకుండా ఆపేది) ఆనేదాకా పైకి లేపు. అట్టా లేపి ఉంచి స్టీరింగు ఆ చివర నించి ఈ చివరకి తిప్పు. టైరు ఎక్కడెక్కడికి వస్తుందో అదీ నీ అసలు కొలత. నిలబడ్డ బండి మీద కొలిస్తే మొదటి గుంతలోనే టైరు ఫెండర్‌ని కోసేస్తుంది. టైరుకీ ఫెండర్‌కీ మధ్య వేలు వెడల్పు సందు తగ్గకుండా చూసుకో. స్ప్రింగు తియ్యడానికి కంప్రెసర్ లేకపోతే మెకానిక్‌తో తీయించు, అది ఎగిరితే ప్రాణం మీదికి వస్తుంది.

తెనాలి_శిల్పి
మోల్డు: మట్టి నున్నగా అయ్యాక రోజంతా ఆరనివ్వు, పైన నీటి తడి ఉంటే రెజిన్ గట్టిపడదు. ఆర్చ్ అంచు లోపలికి మడత తిరిగిద్ది కదా, మోల్డు ఒకటే ముక్కగా తీస్తే అది ఊడిరాదు. అంచు గీత మీద అట్టతో గోడ పెట్టి రెండు ముక్కలుగా తియ్యి, మధ్యలో బోల్టులు. మట్టికి షెల్లాకు రెండు చేతులు కొట్టి, పైన ముక్క అంటకుండా రిలీజ్ వాక్సు, దాని మీద ఫైబర్ పొరలు వేస్తే అదే మోల్డు. తర్వాత మోల్డు లోపల వాక్సు అయిదారు సార్లు, ప్రతిసారీ ఆరనిచ్చి గుడ్డతో మెరిసేదాకా రుద్ది, ఆఖర్న పీవీఏ (ఆరాక పలచటి పొరలా నిలిచి ముక్క అంటకుండా చూసే ద్రవం). కొత్త మోల్డుకి వాక్సు దగ్గర బద్ధకిస్తే ముక్కా మోల్డూ పెళ్లాడేస్తాయి, విడాకులు సుత్తితోనే.

నిజాంపట్నం_నావ
లెక్క నేను చెప్తా. ముందు ఫెండర్ అర చదరపు మీటరు అనుకో. 450 జీఎస్ఎం (చదరపు మీటరుకి 450 గ్రాములు) మ్యాట్ మూడు పొరలు వేస్తే మ్యాట్ 675 గ్రాములు. మ్యాట్ బరువుకి రెండు నించి రెండున్నర రెట్లు రెజిన్ పట్టిద్ది, అంటే కిలోన్నర చిల్లర. ఒక్కో పొర సుమారు ఒక ఎంఎం, మొత్తం 3 ఎంఎం వచ్చిద్ది. మోల్డు దీనికి రెట్టింపు మందం ఉండాలి, లేకపోతే ముక్కతో పాటు అదీ మెలి తిరిగిద్ది. రెండు మోల్డులు, రెండు ముక్కలు, పారబోతతో కలిపి పన్నెండు కిలోల రెజిన్ తెచ్చుకో.

ముందు జెల్‌కోటు (బయటికి కనపడే రంగు రెజిన్ పొర) బ్రష్షుతో. అది వేలికి అంటకుండా, కానీ జిగురు తెలిసే టైములో మొదట పలచటి టిష్యూ మ్యాటు, ఆ తర్వాత 450లు. ఒక్కసారే నాలుగైదు పొరలు వెయ్యకు, వేడెక్కి మెలి తిరిగిద్ది. మ్యాట్ కత్తిరించకుండా చేత్తో చింపు, అంచు పోగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతయి. తెల్లగా కనపడినంత సేపూ రెజిన్ తాగలేదని, గాలి ఉందని. బ్రష్షుతో రాయకు, పొడుస్తూ పో, ఆపైన రోలరు. తెల్లదనం పోయి కింద జెల్‌కోటు రంగు కనపడాలి.

ఒకసారికి 200 గ్రాములకి మించి కలపకు. కోబాల్ట్ వేశాక రెజిన్ లేత గులాబీ అయిద్ది, హార్డనర్ పడ్డాక అది పోయి ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగుకి తిరిగిద్ది. ఆ రంగు గిన్నె అంతా ఒకేలా ఉంటే కలిసినట్టు. ముందు తేనె, తర్వాత జున్ను. జున్ను అయ్యాక బ్రష్షు పెట్టకు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతయి అంటారుగా, ఆ ఎండలో పది నిమిషాల్లో జున్నే. తెల్లారుజామున చేసుకో. మిగిలిన గిన్నె చెత్తబుట్టలో పడెయ్యకు, అదే వేడెక్కి పొగొచ్చి అంటుకుంటది. ఇసకలో పలచగా పొయ్యి.

ముక్క మర్నాటి దాకా మోల్డులోనే ఉండనివ్వు. గట్టిపడేటప్పుడు పాలిస్టర్ కుంచించుకుపోద్ది, తొందరపడి ఊడదీస్తే కళ్ల ముందే వంకర పోద్ది.

కెమిస్ట్రీ_మేడం_గుంటూరు
ఆవిరికి గుడ్డ మాస్కు పనికిరాదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్నది కావాలి. రుద్దేటప్పుడు ధూళి మాస్కు వేరే. నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో రుద్దితే ధూళి సగానికి సగం తగ్గుతుంది.

బ్రాడీపేట_బుల్లోడు
దురద గురించి ఎవరూ హెచ్చరించలా. మా బావ సౌండ్ బాక్సులకి ఫైబర్ చేస్తే ఆ రోజు నేను పొట్టి చేతుల చొక్కాతో సాయం చేశా. మిర్చి యార్డులో సీజన్లో బస్తాలు మోసినా అంత మంట పుట్టలా. మెడ, మోచేతులు రెండు రాత్రులు నిద్రపోనివ్వలా.

నిజాంపట్నం_నావ
ముందే ఒంటికి టాల్కం పౌడరు రాసుకుని నిండు చేతుల చొక్కా. అయ్యాక చన్నీళ్లతో, రుద్దకుండా కడుక్కో. ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో ఉతకొద్దు, ఇల్లంతా గోకుద్ది.

ఆటోనగర్_టింకర్
బిగించేటప్పుడు రేకుకీ ఫైబర్‌కీ మధ్య లప్పం పెట్టి అతుకు కనపడకుండా చేద్దామని చూడకు. ఎండకి ఫైబర్ సాగేది ఒక లెక్క, రేకు సాగేది ఇంకో లెక్క. ఒక్క వేసవిలో గీత లేస్తది. మధ్యలో రబ్బరు బీడింగు, బోల్టుల కింద వెడల్పు వాషర్లు. బోల్టు పడే చోట్ల లోపల ఇంకో రెండు పొరలు మ్యాటు. ఫైబర్ వద్దన్నోణ్ణే చెప్తున్నా, చేస్తే సరిగా చెయ్యి. ముక్క వచ్చాక ఆటోనగర్ తీసుకురా, బానెట్టుతో సందు నేను కుదురుస్తా. డబ్బులొద్దు, టీ చాలు.

పటమట_జెన్
ఏడు వారాలయింది, ఆలస్యానికి ఏమనుకోకండి. జరిగింది రాస్తా.

రిమ్ములు మార్చా. 6 అంగుళాలవి. ముందు ఇప్పుడు 24 ఎంఎం బయటికుంది, వెనక 16. స్ప్రింగు మెకానిక్‌తో తీయించి చక్రం లేపి తిప్పితే, టైరు వెనక అంచు నేను అనుకున్న చోటుకంటే బాగా వెనక్కి, తలుపు వైపు వస్తోంది. పాత ముక్కలు బిగించి ఉంటే మొదటి రోజే తెగేవి.

మట్టి రెండు ఆదివారాలు. అట్టలు ఏడు కాదు, తొమ్మిది కోశా. రాత్రి కరెంటు పోయినప్పుడు ఫోను లైటు అట్ట వెనక పెట్టి చూస్తే సందులు పగలుకంటే బాగా తెలిశాయి, అప్పటి నించి రాత్రే చూశా. కంపెనీ ఫెండర్లు కొలిస్తే టింకర్ అన్న చెప్పిందే, వాటికే 5 ఎంఎం తేడా ఉంది. నాన్నని అడిగితే 2006లో వారధి మీద ఆటో రాసుకుందని అప్పుడు చెప్పారు.

మోల్డు ఎడమది బాగా వచ్చింది. కుడిదానికి వాక్సు నాలుగుసార్లే కొట్టా, తొందరపడి. అంచు దగ్గర జానెడు మేర అతుక్కుని జెల్‌కోటు లేచిపోయింది. మళ్లీ చేశా, ఈసారి ఏడు సార్లు. తెల్లారుజామున నాలుగున్నరకి మొదలుపెట్టి, 150 గ్రాముల చొప్పున కలిపా, గ్రాముకి గ్రాము తూచి. రంగు తిరగడం కళ్లారా చూశాక ఎంత కలిపానో అన్న భయం పోయింది. మర్నాడు పొద్దున మోల్డు బోల్టులు ఊడదీసి చెక్క చీలికలు అంచులో దూర్చి తడితే, పనస తొన ఊడినట్టు ఊడొచ్చింది. గోరు దిగలా.

రెండూ బిగించి తొమ్మిది చోట్లా కొలిచా. ఎక్కువ తేడా 2 ఎంఎం, అదీ కింది కొసన.

తెనాలి_శిల్పి
రెండు ఎంఎం అంటే మా దగ్గర పని ఇచ్చేస్తా.

ఆటోనగర్_టింకర్
నిన్న తెచ్చాడు, చూశా. బానెట్టు సందు కుడివైపు కొంచెం సాగింది, రెండు వాషర్లు తీస్తే కూర్చుంది. వేలితో కొట్టి చూశా, బకెట్ మోత రాలా, చెక్క మోత వచ్చింది. మందం బాగుంది.

సెక్షన్_52
కంపెనీ ఫెండర్లు ఏం చేశారు?

పటమట_జెన్
గోనె పట్టా చుట్టి మేడ మీద గదిలో పెట్టా సార్. కంపెనీ చక్రాలు కూడా అక్కడే. మార్చడానికి గంటన్నర పడుతోంది, రెండుసార్లు చూసుకున్నా. ఫైబర్ ఫెండర్లు బిగించి రోడ్డెక్కించలా, ఆటోనగర్‌కి కూడా లారీ మీదే తీసుకెళ్లా.

నిజాంపట్నం_నావ
లోపలి వైపు రబ్బరు కోటింగు కొట్టావా? టైరు విసిరిన కంకర లోపల తగిలితే బయట జెల్‌కోటు మీద సాలెగూడులా బీటలొస్తయి. బోటు కింద కూడా అంతే, దెబ్బ ఒకపక్క, మచ్చ ఇంకోపక్క.

పటమట_జెన్
కొట్టలా అన్నా. రంగు వేసేముందా, తర్వాతా?

నిజాంపట్నం_నావ
ముందే. లోపల 80 నంబరు కాగితంతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, రెండు చేతులు కొట్టు. మధ్యలో ఒక రోజు ఆరనివ్వు.

పటమట_జెన్
ఆదివారం కొడతా.